ముందు జాకెట్ కొనాలా గ్లవ్స్ కొనాలా? రోజూ బండి నడిపేవాడికి రక్షణ గేర్ సలహా కావాలి

కొత్తరైడర్:
అందరికీ నమస్తే. బండి తీసుకుని నాలుగు నెలలైంది, ఆఫీసుకి రానూపోనూ రోజూ 40 కిలోమీటర్లు, ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్స్‌తో కాస్త దూరం వెళ్తుంటా. ఇప్పటిదాకా హెల్మెట్ తప్ప ఇంకేం లేదు. పోయినవారం మా ఫ్రెండ్ మలుపులో ఇసుక మీద జారి పడ్డాడు, స్పీడు 40 కూడా ఉండదు, జీన్స్ మోకాలి దగ్గర కాగితంలా చినిగిపోయి లోపల చర్మమంతా దోక్కుపోయింది. అరచేతుల్లో దిగబడ్డ ఇసుక రవ్వల్ని నర్సు ఒక్కొక్కటే తీస్తుంటే నేను పక్కనే ఉన్నా, ఇంకా కళ్లముందే ఉంది అది. అన్నీ ఒకేసారి కొనే పరిస్థితి లేదు, నెలకొకటి కొనగలను. ముందు ఏది తీసుకోవాలి? లెవెల్ 1, లెవెల్ 2, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అంటారు, అవేంటో అర్థం కావట్లేదు. ఎండలో జాకెట్ వేస్తే ఉడికిపోతామేమో అని కూడా ఉంది.

లాంగ్‌రైడ్_మూర్తి:
తమ్ముడూ ముందు హెల్మెట్ సంగతి తేల్చుకో. ఉంది అన్నావు గానీ అది నీ తలకి సరిపోయిందా లేదా చూశావా? చాలామంది షాపులో "ఫ్రీగా ఉంది" అని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. స్ట్రాప్ గట్టిగా పెట్టుకుని, వెనక మెడ దగ్గర హెల్మెట్ అంచు పట్టుకుని పైకీ ముందుకీ నెట్టు. ఊడి వచ్చేస్తే పడినప్పుడు కూడా అలాగే ఊడొస్తుంది, అప్పుడు అది ఎంత మంచి హెల్మెట్ అయినా ఒకటే. కొత్తలో చెంపలు బాగా బిగుతుగా ఉండాలి, నమిలితే చెంప లోపలివైపు పళ్లకింద పడేంత. నుదుటి మీద ఒకేచోట నొక్కుతుంటే మాత్రం వద్దు, పదిహేను ఇరవై నిమిషాలు తలమీదే ఉంచుకుని చూస్తేగానీ ఆ నొప్పి తెలీదు. లోపలుండే థర్మోకోల్ లాంటి పొరే దెబ్బ తీసుకునేది, అది నలిగి మన తలని కాపాడుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, పైన గీత కూడా కనపడకపోవచ్చు. అందుకే పడిన హెల్మెట్ మార్చేయాలి. కొనేటప్పుడు ఈసీఈ 22.06 (హెల్మెట్ భద్రతా ప్రమాణం) ఉందేమో చూడు, పాత 22.05లో లేని టెస్టు, అంటే దెబ్బ ఏటవాలుగా తగిలి తల గిర్రున తిరిగితే ఏమవుతుందనేది ఇందులో చూస్తారు. ఫుల్‌ఫేసే తీసుకో, గడ్డం నేలకి కొట్టుకోవడం తక్కువేం కాదు.

ఫిజియో_ఆర్:
మూర్తిగారు చెప్పింది కరెక్ట్. హెల్మెట్ తర్వాత మాత్రం నా ఓటు గ్లవ్స్‌కే, జాకెట్‌కి కాదు. నా పనే విరిగిన చేతులతో కాబట్టి చెప్తున్నా. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకి పెడతారు, అది మన చేతిలో ఉండదు. అరచేయి నేలకి పట్టుకుని ఆగిపోతుంది, ఒంటి బరువంతా మణికట్టు మీదకి వస్తుంది. అక్కడ బొటనవేలి మొదట్లో పడవ ఆకారంలో స్కాఫాయిడ్ అని ఒక చిన్న ఎముక ఉంటుంది, విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనపడకుండా పోవచ్చు కూడా, పైగా దానికి రక్తం ఒక చివర నుంచే ఎక్కువగా వస్తుంది కాబట్టి అతకడానికి నెలలు పడుతుంది. అందుకే అరచేతి కింద, మణికట్టు వైపు గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్న గ్లవ్స్ చూడండి, పామ్ స్లైడర్ అంటారు, అది నేలని పట్టుకోకుండా జారుతుంది. వేలి కణుపుల మీద పెద్ద ప్లాస్టిక్ చూసి కొనేస్తారు గానీ ఇది అంతకంటే ముఖ్యం. మణికట్టు స్ట్రాప్ బిగించి వేళ్ల దగ్గర పట్టుకుని లాగి చూడండి, ఊడితే పక్కన పెట్టేయండి.

గేర్‌లేకుండాఎక్కను:
జాకెట్ లేబుల్ గురించి నేను చెప్తా బ్రో. ఏల గ్రేడు వేరు, లెవెల్ వేరు, చాలామంది కలిపేస్తారు. ఈఎన్ 17092 అనే యూరప్ ప్రమాణం బట్ట, కుట్లకి, ట్రిపుల్ ఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత డబుల్ ఏ, తర్వాత ఏ. లెవెల్ 1, 2 అనేది లోపల ప్యాడ్లకి. మోచేయి, భుజం ప్యాడ్ మీద 50 జౌళ్ల దెబ్బ వేస్తే అవతలికి వచ్చే బలం సగటున 35 కిలోన్యూటన్లు (బలాన్ని కొలిచే యూనిట్) దాటకూడదు, అది లెవెల్ 1. లెవెల్ 2 అయితే 20. వీపు ప్యాడ్‌కి ఇంకా కఠినం, లెవెల్ 1కి 18, లెవెల్ 2కి 9. కొందరు "సీఈ" (యూరప్ ప్రమాణాల ముద్ర) అని పెద్దగా రాస్తారు, తీరా చూస్తే ప్యాడ్‌కే ఉంటుంది, జాకెట్ బట్టకి ఏమీ ఉండదు. వీపు జేబులో చెయ్యి పెట్టి చూడు, చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి ముక్క పెట్టి పంపిస్తారు, అది ప్యాడ్ కాదు, నేను రెండేళ్లు అదే ప్యాడ్ అనుకుని తిరిగా.
ఇంకోటి, షాపులో నిలబడి కాదు, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూడు. మోచేయి ప్యాడ్‌ని రెండో చేత్తో పట్టి తిప్పు, పక్కకి జరిగిపోతే పడినప్పుడు కూడా అది మోచేతి మీద ఉండదు.

నిదానంగా_నడుపు:
అందరూ పైభాగమే చెప్తున్నారు, మీ ఫ్రెండ్‌కి దోక్కుపోయింది మోకాలు కదండీ. మామూలు జీన్స్ రోడ్డు మీద సెకను కూడా ఆగదు. ఆస్ట్రేలియాలో యాక్సిడెంట్ అయిన రైడర్ల మీద చేసిన స్టడీ 2011లో వచ్చింది, అందులో హాస్పిటల్లో చేరాల్సి రావడం జాకెట్ వల్ల తగ్గినదానికంటే గ్లవ్స్, రైడింగ్ ప్యాంట్ల వల్లే ఎక్కువ తగ్గింది. ఆ జాకెట్లలో దాదాపు 30 శాతం పడ్డప్పుడు చినిగిపోయాయి కూడా. ఆ దేశంలోనే 2018 నుంచి మోటోక్యాప్ అని గేర్ కొనుక్కొచ్చి టెస్ట్ చేసి స్టార్లు ఇస్తున్నారు, వేడిలో వేసుకుంటే ఎంత సౌకర్యంగా ఉంటుందో దానికి వేరే రేటింగ్, మీరు చూసే మోడల్ ఉందేమో వెతకండి.
ట్రిపుల్ ఏ కొని వేడికి ఇంట్లో తగిలించేకంటే రోజూ వేసుకునే మెష్ (గాలి ఆడే వలలాంటి బట్ట) డబుల్ ఏ నయం అని నా అభిప్రాయం, మెష్ కాస్త తొందరగా అరుగుతుంది నిజమే. బాగా ఎండగా ఉంటే లోపల కాటన్ టీషర్ట్ తడిపి వేసుకోండి, గాలి తగిలి ఆరుతున్నంతసేపూ చల్లగా ఉంటుంది. అలాగే చీలమండ కప్పే బూట్లు, లేసులు గేర్ లివర్‌కి తగులుకోకుండా లోపలికి దోపుకోండి.

కొత్తరైడర్:
చాలా థ్యాంక్స్ అందరికీ. మూర్తన్నా, ఇప్పుడే స్ట్రాప్ పెట్టుకుని వెనకనుంచి నెట్టా, నిజంగానే నుదుటి మీదుగా కళ్లదాకా వచ్చేసింది. కాబట్టి ఈ నెల హెల్మెట్, వచ్చే నెల గ్లవ్స్, తర్వాత ప్యాంటు, ఆ తర్వాత జాకెట్. ఇదే మోడల్లో చిన్న సైజు తీసుకుంటే సరిపోతుందా?

లాంగ్‌రైడ్_మూర్తి:
అలా తీసేసుకోకు తమ్ముడూ. కనుబొమ్మలకి కొంచెం పైన టేపు పెట్టి చుట్టూ కొలువు, ఆ కొలత కంపెనీ చార్ట్‌తో చూడు. చిన్న సైజు పెట్టుకున్నాక నుదురు, వెనక నొక్కుతూ పక్కలు వదులుగా ఉంటే నీ తల కోలగా ఉన్నట్టు, అది గుండ్రటి తలకి చేసిన హెల్మెట్ అయ్యుంటుంది. అప్పుడు సైజు కాదు మార్చాల్సింది, మోడలే.