అప్‌డేట్: ట్రామాకి యాప్ సరిపోతుందా?

కౌన్సెలింగ్‌కి వెళ్లేలోపు ఫ్లాష్‌బ్యాక్‌లకు (పాత భయంకర అనుభవం మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం) ఫోన్ యాప్ పనికొస్తుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబులన్నీ కలిపి చూస్తే, పనికొస్తుంది, కానీ వాడే పద్ధతి ముఖ్యం.

ఎక్కువమంది చెప్పిన యాప్ పీటీఎస్‌డీ కోచ్ (పీటీఎస్‌డీ అంటే భయంకర అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య). అమెరికా మాజీ సైనికుల శాఖ 2011లో తెచ్చింది. ఉచితం, అకౌంట్ అక్కర్లేదు. బాధ తీవ్రతను 0 నుంచి 10 దాకా గుర్తించి, ఒక సాధన చేసి, మళ్లీ గుర్తించాలి. గుండె దడదడలాడుతున్నప్పుడు మొదటిసారి తెరిస్తే మాత్రం మెనూ కూడా తలకెక్కదు. కుదురుగా ఉన్న రోజే రెండు సాధనలు అలవాటు చేసుకోవాలి. శ్వాస మీద దృష్టి పెడితే కొందరికి గాభరా ఇంకా పెరుగుతుంది. వాళ్లు కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, ఎదురుగా కనిపించే 5 వస్తువుల పేర్లు పైకి చెప్పడం మేలు.

పీటీఎస్‌డీ లక్షణాలు ఎంత ఉన్నాయో చూసుకునే ప్రశ్నావళి పీసీఎల్-5. అందులో 20 ప్రశ్నలు, గరిష్ఠ స్కోరు 80. స్కోరు 31–33 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నిపుణుల్ని కలవాలి. అంతేగానీ అదే రోగనిర్ధారణ కాదు.

తనను తాను మరిచిపోయే స్థితి వస్తున్నా, చనిపోవాలనిపిస్తున్నా యాప్‌తో ఆగొద్దు, వెంటనే మనిషి సాయం తీసుకోండి. హింసించినవారు అదే ఇంట్లో ఉంటే లాక్ స్క్రీన్ నోటిఫికేషన్లు ముందే ఆపేయండి.