ఎర్బకాన్‌ను దింపేసి టర్కీ సైన్యం ఏం బావుకుంది?

గోదారిగట్టు:
నిన్న ఒకాయన "1997లో సైన్యం అడ్డుపడకపోతే టర్కీ ఇంకో ఇరాన్ అయ్యేది" అన్నారు. నాకు మింగుడుపడలేదు. అప్పటి ప్రధాని నెజ్‌మెత్తిన్ ఎర్బకాన్ ముల్లా కాదు, జర్మనీలో డాక్టరేట్ చేసొచ్చిన మెకానికల్ ఇంజినీరు, ఖరీదైన సిల్కు టైలంటే పిచ్చి. 1970లో పార్టీ పెడితే మరుసటేడే కోర్టు మూసేసింది, రెండోది 1980 సైనిక తిరుగుబాటులో పోయింది, మూడోది రెఫా పార్టీ, అది 1995 ఎన్నికల్లో 21 శాతం ఓట్లతో ఫస్టు వచ్చింది. ప్రధానిగా ఉన్నది ఒక్క ఏడాది. షరియా తెచ్చాడా? పొద్దస్తమానం ఇజ్రాయెల్‌ను తిట్టిన మనిషి హయాంలోనే, 1996 ఆగస్టులో, ఆ దేశంతో రక్షణ ఒప్పందం కుదిరింది!

పాతబస్తీ చాయ్:
గోదారి గారూ, షరియా తేలేదు అనకండి, తేలేకపోయాడు అనండి. 550 సీట్లలో ఆయనవి 158, బండి నడిచింది ఇంకో పార్టీ నాయకురాలు, మాజీ ప్రధాని తన్సు చిల్లెర్ మద్దతు మీద. 1994లో తన ఎంపీల ముందు ఏమన్నాడు? మార్పు ఎలాగూ వస్తుంది, మెత్తగానా నెత్తుటితోనా అన్నదే తేలాలి అన్నట్టు మాట్లాడాడు. 1998లో కోర్టు పార్టీని మూసేస్తూ ఇలాంటివే ఎత్తిచూపింది, యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 2003లో ఆ మూసివేతను సమర్థించింది.

ఉప్పుచేప:
మీరిద్దరూ మతం దగ్గరే ఆగిపోయారు. నాకు ఒళ్లు మండేది వేరే. చిల్లెర్ మీద అవినీతి దర్యాప్తు కావాలని గోల చేసింది రెఫా వాళ్లే, పొత్తు కుదిరాక ఓటేసి గట్టెక్కించిందీ వాళ్లే. 1996 నవంబరులో సుసుర్లుక్ దగ్గర యాక్సిడెంటయిన ఒకే కారులో పోలీసు అధికారి, పరారీలో ఉన్న హంతకుడు, చిల్లెర్ పార్టీ ఎంపీ! సర్కారుకీ నేరగాళ్లకీ ఉన్న లంకె మీద నిజం చెప్పమని జనం రోజూ రాత్రి 9కి ఒక్క నిమిషం ఇంట్లో లైట్లు ఆర్పుకుంటుంటే, ఎర్బకాన్ వెటకారం చేశాడు.

గోదారిగట్టు:
అది ఒప్పుకుంటా అన్నా, దానికి నేను వకాల్తా పుచ్చుకోను. కానీ దానికి విరుగుడు ఓటు, ట్యాంకు కాదు. 1997 ఫిబ్రవరి 4న రాజధాని అంకారా పక్కన సింజాన్ వీధిలో ట్యాంకులు నడిపించారు, 28న టర్కీ జాతీయ భద్రతా మండలిలో సైన్యాధికారులు 18 డిమాండ్ల కాగితం పెట్టారు, జూన్‌లో ఆయన దిగిపోయాడు. తర్వాత లాభపడిందెవరు? శిష్యుడు ఎర్డోగాన్. గురువును వదిలి 2001లో వేరు కుంపటి పెట్టాడు, 2002లో 34 శాతం ఓట్లకే దాదాపు మూడింట రెండొంతుల సీట్లు, అదీ చిన్న పార్టీలను ఆపడానికి 1983లో సైనిక పాలకులే పెట్టిన, 10 శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లే లేవనే నిబంధన పుణ్యమా అని. గురువు పార్టీకి వచ్చింది రెండున్నర శాతం.

పాతబస్తీ చాయ్:
అంటే ట్యాంకులు రాకపోతే ఎర్డోగాన్ వచ్చేవాడు కాదంటారా? 1994లోనే ఇస్తాంబుల్ మేయరుగా గెలిచాడుగా.

గోదారిగట్టు:
వచ్చేవాడేమో. కానీ పద్యం చదివిన కేసులో 1999లో జైలుకెళ్లొచ్చిన హీరోగా మాత్రం కాదు.