వాడిన అల్యూమినియం ఫ్లైవీల్, క్లచ్ సెట్ చవగ్గా దొరుకుతోంది. మియాటాలో వేసేయొచ్చా?

ఫ్రిస్కో_శ్రీను:

అందరికీ నమస్తే. నాది 1999 మాజ్దా మియాటా, 1.8 ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. క్లచ్ పని అయిపోవచ్చింది. ఇక్కడ డల్లాస్ పక్కన కొండలెక్కడున్నాయి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో కాస్త గట్టిగా తొక్కితే చాలు, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం కదలనంటోంది. ఎలాగూ గేర్‌బాక్స్ దింపాలి.

ఇంతలో దగ్గర్లోనే ఒకాయన తన ఆటోక్రాస్ (కోన్ల మధ్య ఒక్కొక్కరే టైము కోసం తిప్పే పందెం) మియాటాను విప్పి అమ్ముకుంటూ అల్యూమినియం ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే చక్రం), క్లచ్ ప్లేట్, దాన్ని ఫ్లైవీల్‌కు నొక్కిపట్టే ప్రెజర్ ప్లేట్ మూడూ కలిపి 200 డాలర్లంటున్నాడు. "మూడు వేల మైళ్ళే తిరిగాయి" అని ఆయన మాట. క్లచ్ ప్లేట్ మామూలు రకం కాదు. గుండ్రటి లైనింగ్ బదులు ఆరు విడివిడి ముక్కలున్నాయి, మధ్యలో స్ప్రింగులు లేవు. ఫోటోలో ఫ్లైవీల్ ముఖం మీద రెండు మూడు చోట్ల నీలం మచ్చలు కనిపిస్తున్నాయి.

ఈ బండిలోనే రోజూ ప్లేనోలో ఆఫీసుకు వెళ్తాను, టోల్‌వే మీద సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆటోక్రాస్ ఎప్పుడో ఒక ఆదివారం. బ్రేకులు, టైమింగ్ బెల్ట్ సొంతంగా మార్చాను కానీ గేర్‌బాక్స్ ఎప్పుడూ దింపలేదు. కొనమంటారా? కొంటే చూసుకోవాల్సినవి ఏమిటి?

ఎడిసన్_కుర్రాడు:

కళ్ళకద్దుకుని తీసుకో బ్రో. కొత్త అల్యూమినియం ఫ్లైవీల్ ఒక్కటే అంతకు రెట్టింపు అవుతుంది. నా హోండా ఎస్2000లో తేలిక ఫ్లైవీల్ వేసుకున్నాక గేర్ దించేటప్పుడు మడమతో చిన్నగా తాకితే చాలు, ఆర్‌పీఎం ఠక్కున లేచి కూర్చుంటుంది. మళ్ళీ పాతది వేయమన్నా వేయను. పైగా ఆ మూడూ ఒకదానికొకటి అరిగి కుదిరిన సెట్టు కదా, విప్పినట్టే బిగించెయ్.

ఆటోనగర్_లేత్:

శ్రీనూ, ఫ్లైవీల్ కొను. మిగతా రెండూ ఊరికే ఇచ్చినా వెయ్యకు.

మా నాన్నకు బెజవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. లారీ ఫ్లైవీళ్ళు గోడకు ఆనించి వరసగా ఉండేవి, బడి నుంచి రాగానే వాటి మీద సుద్దతో బండి నంబరు రాయడం నా డ్యూటీ. ఏ ఫ్లైవీల్ వచ్చినా నాన్న ముందు కొలతల జోలికి పోయేవాడు కాదు. బొటనవేలి గోరును ముఖం మీద లోపలి నుంచి అంచు దాకా లాగేవాడు. గోరు జారిపోతే అది గీత, గోరు పట్టుకుంటే పగులు. పట్టుకున్నచోట సుద్దతో సున్నా చుట్టి పక్కన పెట్టేవాడు. డ్రైవరు ఎంత బతిమాలినా దాన్ని మళ్ళీ మెషిన్ ఎక్కించేవాడు కాదు. నువ్వు కూడా డబ్బు తీసేముందు ఆ గోరు పరీక్ష చెయ్.

ఇప్పుడు నీలం మచ్చల సంగతి. అల్యూమినియం ఫ్లైవీల్ అంటున్నా క్లచ్ ఒరుసుకునే ముఖం అల్యూమినియం కాదు, దాని మీద బిగించిన ఉక్కు ప్లేటు. క్లచ్ జారి బాగా వేడెక్కినచోట ఆ ఉక్కు గట్టిపడి నీలంగా మారుతుంది. గట్టిపడ్డ చోటు మిగతా ముఖంతో సమానంగా అరగదు, కొన్నాళ్ళకు ఉబ్బెత్తుగా నిలబడుతుంది. అప్పుడు మొదటి గేర్‌లో కదిలేటప్పుడు బండి మొత్తం గడగడ వణుకుతుంది. లేత్ మీద ముఖాన్ని పలచగా చెక్కితే పోతుందనుకోకు, పనిముట్టు ఆ మచ్చ దగ్గరికొచ్చి పైనుంచి జారిపోతుంది. గ్రైండింగే చేయాలి. నీ అదృష్టం కొద్దీ ఈ రకం ఫ్లైవీళ్ళలో చాలావాటికి ఆ ఉక్కు ప్లేటు, దాని స్క్రూలు విడిగా అమ్ముతారు. ఆ ఖర్చు కూడా లెక్కేసుకుని బేరం ఆడు.

వెళ్ళేటప్పుడు ఒక స్టీలు స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకుల కట్ట) పట్టుకెళ్ళు. స్కేలును నిలువుగా ముఖం మీద పెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడు. తర్వాత చుట్టూ ఉన్న రింగ్ గేర్ పళ్ళు చూడాలి, ఊరికే ఒకచోట కాదు, పూర్తిగా ఒక చుట్టు తిప్పి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడల్లా దాదాపు అవే రెండు స్థానాల్లో ఆగుతుంది, ఒకదానికొకటి ఎదురెదురుగా. స్టార్టర్ కొట్టేది ఎప్పుడూ అక్కడే కాబట్టి పళ్ళు అరిగినా అక్కడే అరుగుతాయి. అమ్మేవాడు ఫోటో తీసేది బాగున్న వైపే. ప్రెజర్ ప్లేట్ కూర్చునే మూడు డోవెల్ పిన్నులు వదులుగా ఉన్నాయా, ఉక్కు ప్లేటు స్క్రూల్లో ఏదైనా కదిలిందా, క్రాంక్ బోల్టుల రంధ్రాలు కోలగా సాగాయా, ఇవి కూడా చూసుకో.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. అది ఏ మియాటాలోంచి తీసింది? 1993 దాకా వచ్చిన 1.6 బండ్లకు 200 మిల్లీమీటర్ల క్లచ్, 1.8కి 215. ఫ్లైవీల్ రెండు క్రాంకులకూ బిగుస్తుంది, చిక్కంతా ప్రెజర్ ప్లేట్ రంధ్రాల దగ్గరే. 1.6ది అంటగట్టాడంటే నీ కొత్త క్లచ్ దాని మీద కూర్చోదు.

ఎడిసన్ తమ్ముడు చెప్పిన "కుదిరిన సెట్టు" మాట అబద్ధం కాదు, అయితే ఆ బండిలోంచి తీసి అదే రోజు అదే బండిలో తిరిగి వేస్తే. ఇక్కడ ఎవరు ఎప్పుడు విప్పారో, ఎంత కాల్చారో ఎవరికి తెలుసు? ఆటోక్రాస్ బండికి మూడు వేల మైళ్ళంటే లెక్కపెట్టాల్సింది మైళ్ళు కాదు, ఎన్నిసార్లు గీత మీద నుంచి ఎగిరి దూకించాడన్నది. మామూలు కొత్త కిట్ రెండు వందల డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, పెడల్ తొక్కినప్పుడు ప్రెజర్ ప్లేట్‌ను నొక్కే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, మధ్యలో సరిపెట్టే ప్లాస్టిక్ కడ్డీ అన్నీ అందులోనే ఉంటాయి. అది మిగుల్చుకోబోయి ఆర్నెల్ల తర్వాత మళ్ళీ గేర్‌బాక్స్ దింపుతావా?

కాంటన్_లక్ష్మి:

శ్రీను గారూ, నేను డెట్రాయిట్ పక్కన డ్రైవ్‌లైన్ వైబ్రేషన్ల మీద పనిచేస్తాను. లేత్ గారు వస్తువు సంగతి చెప్పారు, అసలు మీకు ఒరిగేదెంతో నేను లెక్కేసి చెబుతాను.

మీ ఒరిజినల్ ఫ్లైవీల్ సుమారు 8 కిలోలు, అల్యూమినియంది అందులో సగం. తగ్గిన 4 కిలోలు మధ్య నుంచి సగటున 10 సెంటీమీటర్ల దూరంలో తిరిగేవనుకుందాం. మీ బండి మొదటి గేర్ 3.136, డిఫరెన్షియల్ 4.3. రెండూ గుణించి వర్గం చేయాలి. టైరు వ్యాసార్థం 29 సెంటీమీటర్లు వేసుకుంటే మొదటి గేర్‌లో బండి 85 కిలోలు తగ్గినట్టు పరిగెడుతుంది. రెండో గేర్‌లో అది 30కి పడిపోతుంది. నాలుగో గేర్‌కి వచ్చేసరికి మిగిలేది 9 కిలోలు, అంటే డిక్కీలోంచి 20 పౌండ్ల సోనా మసూరి బస్తా ఒకటి దించేసినంత. ఇంజిన్ శక్తి ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. ఆటోక్రాస్‌లో నడిచేది ఎక్కువగా రెండో గేరే కాబట్టి అక్కడ తేడా తెలుస్తుంది. టోల్‌వే మీద మాత్రం ఏమీ తెలియదు.

తెలిసేదల్లా సాయంత్రం ట్రాఫిక్‌లోనే. బరువైన ఫ్లైవీల్ తనలో దాచుకున్న ఊపుతో బండిని మెల్లగా కదిలిస్తుంది, తేలికదానిలో ఆ నిల్వ సగమే. ఏసీ వేసి ఉండగా క్లచ్ కాస్త తొందరగా వదిలారంటే ఇంజిన్ ఆగిపోతుంది. అలవాటు పడతారు, అదేం పెద్ద కష్టం కాదు. కానీ దానికి తోడు స్ప్రింగులు లేని ఆరు ముక్కల ప్లేటు కూడా వేశారంటే కదిలిన ప్రతిసారీ కుదుపే. ఆ మధ్య స్ప్రింగులు ఇంజిన్ కొట్టే దెబ్బల్ని గేర్లదాకా పోనీయకుండా మింగుతాయి. ఫ్లైవీల్ తేలికైనప్పుడు అవి మరీ అవసరం. ఆ ప్లేటు పందేల బండిది, ఆఫీసు బండికి పనికిరాదు.

ఫ్రిస్కో_శ్రీను:

లేత్ అన్నా, లక్ష్మి గారూ, చాలా థాంక్స్. నిన్న వెళ్ళి చూశాను. ఫ్లైవీల్ 1.8దే, బిల్లు చూపించాడు. పళ్ళు చుట్టూ బాగున్నాయి. గోరు ఎక్కడా పట్టుకోలేదు. స్కేలు పెడితే నీలం మచ్చల దగ్గర కొంచెం వెలుతురు కనబడింది, మీరు చెప్పిందే ఆయనకు చెబితే ముఖం మాడ్చుకున్నాడు. ఉక్కు ప్లేటు ఖర్చు తీసేసి, క్లచ్ ఆయన దగ్గరే వదిలేసి, ఫ్లైవీల్ ఒక్కటే 110కి తెచ్చుకున్నాను. కొత్త ఉక్కు ప్లేటు, స్ప్రింగులున్న మామూలు క్లచ్ కిట్ ఆర్డర్ పెట్టాను. మా ఆవిడ "మళ్ళీ గ్యారేజ్ మొత్తం నూనె చేస్తావా" అంది, పెద్ద ట్రే ఒకటి కూడా కొన్నాను. బిగించేటప్పుడు జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_లేత్:

మంచి బేరం.

బండిని నాలుగు స్టాండ్ల మీద పెట్టు, ఎంత ఎత్తుకు వీలైతే అంత. జాకీ మీద ఉంచి కిందికి దూరకు, ఇది నాకు మాటివ్వు. గేర్‌బాక్స్ దింపడానికి ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకు తెచ్చుకో, ఛాతీ మీద పెట్టుకుని దింపేవాళ్ళ వీడియోలు చూసి ఉత్సాహపడకు.

ముందు లోపలి నుంచి గేర్ రాడ్ తీసెయ్. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్ రెండు ముక్కల మీదా పెయింట్‌తో గుర్తు పెట్టు. మియాటాలో గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పీపీఎఫ్ అని పొడుగాటి అల్యూమినియం దూలం ఒకటి ఉంటుంది, అది విప్పితే తప్ప ఏదీ కిందికి రాదు. తిరిగి బిగించేటప్పుడు దాని కోణం సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినట్టే పెట్టాలి, లేదంటే వేగంలో గుయ్యిమని రొద వస్తుంది. క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ గొట్టం విప్పాల్సిన పని లేదు, రెండు బోల్టులు తీసి తీగతో పక్కకు కట్టెయ్. అది అలా వేలాడుతుండగా ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకుండా చూసుకో, పిస్టన్ బయటికొచ్చేస్తుంది. బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ ముందు భాగం) పైబోల్టులకు పానా పట్టడానికి చోటుండదు. ఇంజిన్ వెనక భాగం కాస్త కిందికి వంగేలా చేసి, పొడుగు ఎక్స్‌టెన్షన్లు కలిపి, వెనక నుంచి టన్నెల్ గుండా అందుకోవాలి.

ఫ్లైవీల్ తీశాక వెనకాల క్రాంక్ ఆయిల్ సీల్ చూడు. తడి కనిపించినా కనిపించకపోయినా మార్చెయ్. పది పదిహేను డాలర్ల రబ్బరు కారి కొత్త క్లచ్ మీద పడితే మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఫ్లైవీల్ బోల్టుల రంధ్రాలు ఇంజిన్ లోపలికి తెరుచుకుని ఉంటాయి. పాత బోల్టులే వాడితే మరలు శుభ్రంగా తోమి సీలెంట్ పూసి బిగించు, లేకపోతే నూనె ఆ మరల వెంటే బయటికొస్తుంది. 96 నుంచి 103 న్యూటన్ మీటర్లు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. ప్రెజర్ ప్లేట్‌కు 18 నుంచి 26 చాలు. అక్కడ బలం చూపించావంటే అల్యూమినియంలో మరలు ఊడొస్తాయి. క్లచ్ ప్లేట్ మీద ఏ వైపు ఫ్లైవీల్‌కు రావాలో రాసి ఉంటుంది, చదివి పెట్టు. ఉక్కు ముఖాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాక చేతివేళ్ళు ఆనించకు. క్లచ్ ప్లేట్ కూర్చునే షాఫ్ట్ గాళ్ళ (స్ప్లైన్ల) మీద గ్రీజు పలచగా రాయాలి, ఎక్కువైతే తిరిగేటప్పుడు లైనింగ్ మీదికి చిమ్ముతుంది.

చివరిది, గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు సగం దూరి ఆగిపోతే బోల్టులతో లాగకు. దాని బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ ముందు నుంచి క్లచ్ ప్లేట్‌లోకి దూరే కడ్డీ) మీద వేలాడనీయకు, క్లచ్ ప్లేట్ మధ్యభాగం వంగిపోతుంది. మళ్ళీ వెనక్కి లాగి, కోణం సరిచూసి, గేర్‌లో ఉంచి, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే కొసను కొంచెం తిప్పుతూ నెట్టు. కుదిరినప్పుడు చేతి బలానికే లోపలికి పోతుంది.

ఎడిసన్_కుర్రాడు:

లేత్ అన్నా, నా బండి పని కూడా నీకే అప్పగించాల్సింది. శ్రీను బ్రో, మొదటి ఐదు వందల మైళ్ళు ఊళ్ళోనే తిప్పు, ఆటోక్రాస్ ఆ తర్వాతే. కొత్త లైనింగ్ కుదురుకోకముందే లాంచ్ చేశావంటే ఆ ముఖం మీద మళ్ళీ నీలం మచ్చలే.

ఫ్రిస్కో_శ్రీను:

అయిపోయింది! రెండు వారాంతాలు పట్టింది, సగం టైమ్ ఆ పై బోల్టుల దగ్గరే. జారడం పూర్తిగా పోయింది. రెండో గేర్‌లో బండి ఎంత హుషారుగా ఉందో, లక్ష్మి గారి లెక్క కరెక్టే. ఒక్క విషయం టెన్షన్ పెడుతోంది. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీంచి కాలు తీసేస్తే కింద నుంచి గలగలమని చప్పుడు. తొక్కగానే ఆగిపోతోంది. ఏదైనా తప్పుగా బిగించానా?

కాంటన్_లక్ష్మి:

లేదండీ, అది గేర్ల చప్పుడు. క్లచ్ వదిలినప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. తేలిక ఫ్లైవీల్ ఇంజిన్ కొట్టే దెబ్బల్ని ఇదివరకంత చదును చేయదు, అందుకే బరువు మోయని గేర్ల పళ్ళు ఒకదానికొకటి తగులుతూ మోగుతాయి. తొక్కితే షాఫ్ట్ ఆగుతుంది, చప్పుడూ ఆగుతుంది. ఐడిల్ కాస్త పెంచి చూడండి, తగ్గుతుంది. రిలీజ్ బేరింగ్ పాడైతే ఇందుకు తలకిందులుగా ఉంటుంది. క్లచ్ తొక్కినప్పుడు మోగుతుంది, వదిలినప్పుడు కాదు.