లండన్ ట్రైనీ సొలిసిటర్ (అక్కడ లాయర్ అయ్యేముందు పని నేర్చుకునే ఉద్యోగం) పోస్టులకు హైదరాబాద్ నుంచి అప్లై చేస్తున్నవాళ్లున్నారా?

ఎల్ఎల్‌బీ చివరి ఏడాది, ఉస్మానియా:
లండన్ ఫర్మ్‌లు నాలుగింటికి అప్లై చేశాను, ఒక్కరూ బదులివ్వలేదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నాంపల్లి జూనియర్:
నాలుగింటికీ ఒకే కవర్ లెటర్ పంపావా తమ్ముడూ? ఆ ఫర్మ్ ఏ పని చేస్తుందో, నీకు అక్కడే ఎందుకు చేరాలనుందో రాయాలి. పెద్ద ఫర్మ్‌లు దాదాపు రెండేళ్ల ముందే తీసుకుంటాయి, తేదీలు చూసుకో.

లండన్‌లో ఉంటున్న అక్క:
2021లో ఎస్‌క్యూఈ (ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావడానికి రాసే పరీక్ష) వచ్చాక, సొలిసిటర్ కావడానికి కావాల్సిన రెండేళ్ల పని అనుభవం ఒక్కచోటే ఉండాలని లేదు, నాలుగు సంస్థల దాకా కలిపి చూపించొచ్చు, ఇండియాలో చేసినదైనా సరే, కాకపోతే ఇంగ్లండ్ సొలిసిటర్ ఎవరైనా ధ్రువీకరించాలి. లేదంటే ముందు ఇండియాలోనే అడ్వకేట్‌గా అర్హత తెచ్చుకో, అప్పుడు ఆ రెండేళ్ల షరతే ఉండదు.

ఎల్ఎల్‌బీ చివరి ఏడాది, ఉస్మానియా:
అవునన్నా, ఒకే లెటర్. ఈ రాత్రే మళ్లీ రాస్తాను.