ట్సుజురెనా, చుజురెనా? తెలుగులో ఏమందాం?

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. క్యోటోలోని నిషిజిన్ నేత మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. కిమోనో మీద నడుముకి చుట్టే ఓబీని ‘నడికట్టు’ అన్నాను. ‘దట్టీ’ అందామంటే కత్తి దోపుకున్న బంటు కళ్ల ముందుకొస్తున్నాడు. ఇదేమో అడుగు వెడల్పు, నాలుగు మీటర్ల పైన పొడవున్న పట్టు! సరే, అది వదిలేయండి.

అసలు చిక్కు ‘ట్సుజురె ఓరి’తో. ఓరి అంటే నేత. నిషిజిన్‌కి చెందిన రెండవ కవాషిమా జింబేయి 1886లో యూరప్ వెళ్లి, ఫ్రాన్స్ వాళ్ల గోబ్లాన్ గోడతెరలు చూశాడు. వాటి నేత తన ఊరి ట్సుజురెకి దగ్గర చుట్టమే. తిరిగొచ్చి ఆ పాత నేతలోకి పాశ్చాత్య చిత్రాల్లోని వెలుగునీడలు తెచ్చాడు. ‘టేపెస్ట్రీ’ అని రాసేస్తే నేత మొత్తం ఫ్రాన్స్ నుంచి దిగుమతి అయినట్టు ఉంటుంది. జరిగింది అది కాదు కదా. ఏమందాం?

బుడుంగు:
జాంధానీ అంటే సరిపోదా? ఉప్పాడ చీరలు తెలియనివాళ్లెవరు?

పేకముడి:
మాది మగ్గం ఇల్లు. జాంధానీ కాదన్నా. జాంధానీకి అడుగు నేత ఉంటుంది. ఒక పేక, అంటే అడ్డదారం, ఈ అంచు నుంచి ఆ అంచుకి పోతుంది, బుటాకి వేరే దారం పడుతుంది. ట్సుజురెలో ఆ అడుగు పేకే లేదు. ఎర్రదారం ఎర్రపువ్వు అంచుదాకా పోయి వెనక్కి తిరుగుతుంది, పక్కన పచ్చదారం తన చోట తను తిరుగుతుంది. రెండు రంగుల మధ్య నిలువు గీత వస్తే అక్కడ సన్న చీలిక మిగులుతుంది. పడుగు, అంటే నిలువుదారాలు, అస్సలు కనపడదు. పడుగు కింద బొమ్మ కాగితం పెట్టుకుని, గోళ్లని రంపం పళ్లలా అరగదీసుకుని, వాటితో పేకని దగ్గరికి లాక్కుంటారు. ఆ వీడియో మా నాన్నకి చూపిస్తే “రోజుకి ఎంత నేస్తార్రా?” అన్నాడు.

వసారా:
ముందు రాత సంగతి. ‘ట్సు’ ఎందుకండీ? అది ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాసింది. ‘చుట్టం’లో చు, ‘జున్ను’లో జు పలికి పక్కన ‘రె’ చేర్చండి. చుజురె, అంతే. ఆ దంత్య చ, జలు మన నోట్లో ఎప్పటి నుంచో ఉన్నవే. పాత నిఘంటువుల్లో వాటి నెత్తిన చిన్న రెండంకె పెట్టి చూపేవారు. ఇంట్లో ఉన్న సరుకుని ఇంగ్లీషు కొట్లో కొంటున్నాం.

ఇక అర్థం. అతుకులేసిన పాత బట్టని జపనీయులు చుజురె అంటారు. ‘చుజురు’ అనే క్రియకి ముక్కలు కలిపి కుట్టడం, కాగితాలు కలిపి కట్టడం, మాటలు పేర్చి రాయడం, ఇవన్నీ అర్థాలే. మనకి ‘కూర్చు’ లేదూ? పూలూ కూరుస్తాం, పదాలూ కూరుస్తాం. ‘కూర్పు నేత’ అనండి.

బుడుంగు:
కూర్పు అంటే సంపాదకుడి పని అనుకోరూ? అల్లిక నయమేమో.

పేకముడి:
అల్లికంటే మా అమ్మ ఊలు స్వెట్టరే గుర్తొస్తుంది. వద్దు.

వసారా:
పక్కన ‘నేత’ ఉంది కదండీ, సంపాదకుడు లోపలికి రాడు. ‘అతుకుల నేత’ మాత్రం అనకండి. మూలానికి దగ్గరే గానీ, మనకి అతుకులబొంత అంటే వెక్కిరింత.

పేకముడి:
ఒక డౌటు. జకార్డు, అదే, చిల్లుల అట్టలతో మగ్గం మీద బొమ్మ తేల్చే పరికరం, దాని గురించి కూడా ఉందా అందులో?

చిత్తుప్రతి:
ఉంది తమ్ముడూ. 1869లో రాజధాని టోక్యోకి తరలిపోయాక క్యోటో నేతకి గిరాకీ పడిపోయింది. 1872లో ముగ్గురిని ఫ్రాన్స్‌లోని లియాన్‌కి పంపారు. ఇద్దరు మరుసటి ఏడాది జకార్డు పని నేర్చుకుని తిరిగొచ్చారు. మూడో ఆయన, యోషిదా చూషిచి, 1874లో వస్తూ వస్తూ జపాన్ తీరం దగ్గరే ఓడ మునిగి పోయాడు. ఆ పేరా రెండుసార్లు చదివి మరీ తెలుగు చేశాను. జకార్డుకి మాత్రం వేరే మాట వెతకలేదు.

పేకముడి:
వెతకొద్దక్కా. మా ఇంట్లోనూ జకార్డే. దాని అట్టలు మాత్రం అట్టలే.

చిత్తుప్రతి:
ఇలా పెట్టాను, చూడండి: “చుజురె అనే ఈ కూర్పు నేతలో ప్రతి రంగు దారమూ తన హద్దుదాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది.” హద్దు తీసేసి ‘పొలిమేర’ అంటే అతి అవుతుందా?

వసారా:
అవుతుంది.