‘నిష్కటకత’ అంటే మన ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?

ప్రశ్న (పర్లాకిమిడి): మా మేనల్లుడికి పసితనంలోనే శుక్లం ఆపరేషనైంది, లోపల లెన్సు వెయ్యలేదు. ఇప్పుడు వాడికి పైలట్ చదువు మీద మనసు. మెడికల్ సంగతులు ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో రాసిస్తున్నాను. కంట్లో లెన్సు లేకపోవడాన్ని డాక్టర్లు ‘అఫేకియా’ అంటారు. లెన్సుని పుస్తకాల్లో కటకం అంటాం కదా, దాన్ని ‘నిష్కటకత’ అనొచ్చా?

జవాబు (బరంపురం): మాస్టారూ, మన వైపు కటకం అంటే కటక్ ఊరండీ! ‘ఇక్కడ కాదన్నారు, కటకం తీసుకెళ్ళమన్నారు’ అని ఆసుపత్రి గుమ్మంలో ఎన్నిసార్లు వినలేదు? కుంభాకార కటకం ఒడియా మీడియం పిల్లలకి తెలీనే తెలీదు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి మీరే ఇలాంటి మాట కడితే ఎలా!

రాయగడ: ‘పొర తీశారు’ చాలదా? ఒడియా వాళ్ళ మోతియాబిందు కూడా అందరికీ తెలుసు.

బరంపురం: రెండూ జబ్బు దగ్గరే ఆగిపోతాయి. శుక్లం అంటే కంట్లో లెన్సే మసకబారడం, తీసేది దాన్నే. బదులు ఇంకోటి వేశారా లేదా అన్నది అసలు సంగతి. వెయ్యకపోతే ప్లస్ పది, పన్నెండు పవరు అద్దాలు పెట్టుకోవాలి. వాటిలో ప్రతిదీ సుమారు పావు వంతు పెద్దగా కనిపిస్తుంది. అద్దం అంచు చుట్టూ వలయం మేర ఏమీ కనపడదు. పక్కనుంచి వచ్చే విమానం అందులో దాక్కుని, ఉన్నట్టుండి ఎదుట ప్రత్యక్షమవుతుంది. ఒక్క కంటికే ఆపరేషనైతే రెండు కళ్ళ బొమ్మలూ కలవవు. కాంటాక్ట్ లెన్సుతో ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. మన ముసలమ్మలు ‘లెన్సు ఏసినారా?’ అనే కదా అడుగుతారు! ‘లెన్సు వెయ్యని కన్ను’ అని రాసెయ్యండి.

అన్నట్టు, కంటి లోపల వేసే ఆ లెన్సు పుట్టిందే పైలట్ల కళ్ళ పుణ్యాన. రెండో ప్రపంచ యుద్ధంలో కాక్‌పిట్ ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకుందని గమనించి, కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ 1949లో లండన్‌లో మొదటి లెన్సు వేశాడు.

పర్లాకిమిడి: బాగుంది, అదే రాస్తాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి దూరపు చూపులో అంతర్జాతీయ కొలత ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6. అద్దాలతోనైనా సరే, ఇంకో జత దగ్గరుండాలి. అది చెప్పడం తేలికే. ‘విజువల్ ఫీల్డ్’, అంటే ఎదురుగా చూస్తూనే చుట్టుపక్కల కనిపించే మేర, కూడా మామూలుగా ఉండాలట, దాన్నేమందాం?

రాయగడ: ‘పక్కచూపు’ అనండి. ‘పక్కచూపులు’ అని మాత్రం రాయకండి, పెళ్ళీడు కుర్రాడు!