బోస్టన్‌లో పచ్చి ఆయిస్టర్లు: షుగరు ఉన్నవాళ్లు తినొచ్చా?

కళింగపట్నం మాస్టారు:
పుట్టింది కళింగపట్నంలో, ఇప్పుడు ఉంటున్నది శ్రీకాకుళంలో. రిటైరైన హైస్కూల్ టీచర్ని. అక్టోబరులో నేనూ మా ఆవిడా బోస్టన్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మొన్న వీడియో కాల్‌లో ఒక పళ్లెం చూపించింది. నిండా ఐసు, పైన విప్పిన ఆయిస్టర్లు (ఒక రకం ఆల్చిప్పలు) ఆరు, పక్కన నిమ్మచెక్క. "నాన్నా, నువ్వొచ్చాక మొదట తీసుకొచ్చేది ఇక్కడికే" అంది. ఎంత సంబరంగా అందో!

వంశధార సముద్రంలో కలిసే చోట పెరిగినవాణ్ణి. కానాగంతల పులుసో, పీతల ఇగురో లేకపోతే నాకది ఆదివారమే కాదు. కానీ పచ్చిగా ఎప్పుడూ ఏదీ తినలేదు. పైగా పన్నెండేళ్లుగా షుగరు. నిమ్మరసం పిండుకుంటే ఏం కాదంటోంది అమ్మాయి. నిజమేనా? అసలు వాటిని ఎలా తింటారు? వద్దంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

టెక్కలి వంటాయన:
మాస్టారూ, మాది టెక్కలి. బోస్టన్‌లో ఒక రెస్టారెంటులో మూడేళ్లు ఆయిస్టర్లు విప్పాను. పొట్టి కత్తి మొనను చిప్ప కీలు దగ్గర గుచ్చి మెలితిప్పితే టక్కున ఊడుతుంది. కండ చిప్పకు అంటుకున్న చోట కోసి, కింది చిప్పలోనే ఉంచి ఇస్తాం. అందులోని ఉప్పునీరు ఒలకనివ్వకూడదు, రుచంతా దాంట్లోనే ఉంది. తట్టినా మూసుకోని చిప్పను పారేసేవాళ్లం, అది చచ్చిపోయినట్టు.

చాలామంది గుటుక్కున మింగేస్తారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. రెండు మూడుసార్లు నమిలితే ముందు ఉప్పు, తర్వాత తీపి తగులుతాయి. అక్కడ వెల్‌ఫ్లీట్, డక్స్‌బరీ అని అమ్మేవి రెండూ ఒకే జాతి. పేర్లు అవి పెరిగిన ఊళ్లవి. నీరు మారితే రుచి మారుతుంది. మన ఏటి చేపకూ సముద్రపు చేపకూ తేడా మీకు నేను చెప్పాలా!

షుగరు సంగతి మాత్రం డాక్టర్లే చెప్పాలి.

విజయనగరం డాక్టరమ్మ:
మాస్టారూ, మీరు పచ్చివి తినకండి. నిమ్మరసం, కారం సాసు, మద్యం, ఏవీ క్రిములను చంపవు. బాగా ఉడికిస్తేనే చస్తాయి. ఆయిస్టరు నీటిని వడకట్టుకుని బతుకుతుంది, పెద్దదైతే రోజుకు 190 లీటర్ల దాకా. నీటిలో విబ్రియో బాక్టీరియా, నోరోవైరస్ ఉంటే దాని ఒంట్లో చేరతాయి. వాసన, రంగు, రుచి చూసి కనిపెట్టలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చాలాసార్లు వాంతులు, విరేచనాలతో పోతుంది. షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు విబ్రియో రక్తంలోకి పాకితే ప్రాణం మీదికి వస్తుంది. విబ్రియో వేసవిలో ఎక్కువన్నది నిజమే. కానీ నోరోవైరస్ చలికాలంలోనూ ఉంటుంది, అందుకని అక్టోబరు కదా అని ధైర్యం చేయకండి.

టెక్కలి వంటాయన:
అయినా అక్కడికి వెళ్లడం మానకండి మాస్టారూ. ఐసు మీద పెట్టే రొయ్యలు మామూలుగా ఉడికించి చల్లార్చినవే. ఒకసారి అడిగి, పచ్చివాటితో కలపకుండా వేరే పళ్లెంలో తెమ్మనండి. ఆయిస్టర్లను వెన్న, వెల్లుల్లి వేసి ఓవెన్‌లో పూర్తిగా ఉడికేదాకా కాల్చమనండి.

కళింగపట్నం మాస్టారు:
రాత్రి అమ్మాయికి ఇదంతా చదివి వినిపించాను. చిన్నబుచ్చుకోలేదు. "నిమ్మరసం మాట ఎవరో చెప్తే నమ్మేశాను నాన్నా" అంది. ఇక తనకు పచ్చివి, నాకు కాల్చినవి. ఒక్క సందేహం బాబూ, కాలిస్తే ఆ ఉప్పునీరు పోతుందా?

టెక్కలి వంటాయన:
కొంత ఆవిరైపోతుంది. మిగిలింది వెన్నలో కలిసి చిప్ప అడుగున ఉంటుంది. రొట్టెముక్క అద్దుకుని తినండి మాస్టారూ.